చేదు పోయింది, విషం పోలేదు

మేనేజరుగారూ, మా అక్క ప్రాణం తీసింది మీ మందుల ఫ్యాక్టరీ. అమ్మ కట్టిచ్చిన క్యారేజీలో తిండి పాడైపోయి చనిపోయిందని మా ఇంటికొచ్చి అబద్ధం చెప్పింది మీరు.

అక్కా నేనూ తొట్టిలో మూలికల వేళ్ల రసంలో తెల్లపొడి ఎందుకు కలుపుతామో నేను చదివి తెలుసుకున్నాను. ఆ పొడిలో ఒక్కో అణువూ లోపల బోలుగా ఉంటుంది. విషం అందులో ఇరుక్కుంటే ఒంటికి పట్టదు. చేదూ అలాగే ఇరుక్కుంటుంది కాబట్టి, చేదు పోతే విషమూ పోయినట్టేనని మీ లెక్క. అందుకే విషం మిగిలిందో లేదో చూసే పరీక్ష మిషన్ పాడయ్యాక మీరు తొట్టి దగ్గరకొచ్చి, "ఏమ్మా, చేదు పోయిందా?" అని అడిగేవారు. అక్క వేలు ముంచి నాకి చూసేది. "పోయింది సార్, కావాలంటే మీరూ ఓ గుక్క తాగండి" అని నవ్వేది. మీరెప్పుడూ తాగలేదు.

కొత్తరకం వేళ్లు వచ్చిన రోజూ పోయిందనే చెప్పింది. వాటిలోని విషం అణువు ఆ బోలులో పట్టనంత పెద్దది. చేదు లోపలికి పోయింది, విషం బయటే ఉండిపోయింది. "పెదాలు తిమ్మిరెక్కుతున్నాయిరా తమ్ముడూ" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

అమ్మ ఇప్పుడు పొయ్యి ముట్టించడం లేదు. ఆ క్యారేజీ ముందేసుకుని తోముతూనే ఉంది. "నా చేత్తోనే పెట్టి చంపుకున్నాను" అంటోంది. నేను ఎంత చెప్పినా, ఓదార్చడానికే అంటున్నాననుకుంటోంది.

ఇవాళ ఆ తొట్టి దగ్గర కొత్తమ్మాయిని నిలబెట్టారు. ముందు ఆమెను అక్కణ్ణించి తీసేయండి. శుక్రవారం సాయంత్రంలోగా మా ఇంటికొచ్చి, తప్పు తన వంటది కాదని మా అమ్మతో మీ నోటితో చెప్పండి.