ఒక్క వేలితో చూపించిన నొప్పి

ఒరేయ్ తమ్ముడూ, మంచం పక్కన చేతికర్ర పెట్టాను. అది లేకుండా కాలు కింద పెట్టావో, చూడు మరి! అన్నం వండి మూత పెట్టాను. తినేసి మళ్ళీ పడుకో.

పొద్దున్నే డాక్టరమ్మ ఫోన్ చేసింది. స్కాన్‌లో మనం భయపడ్డ గడ్డ ఏదీ లేదట. దెబ్బ మీద దెబ్బ పడి మోకాలి కింద ఎముకకు సన్నటి బీట వచ్చిందట, అంతే. కొన్నాళ్ళు బరువు మోపకపోతే అదే అతుక్కుంటుందట. గిన్నెలు తోముతూ హాయిగా ఏడ్చాను. నిన్ను లేపబుద్ధి కాలేదు.

కాలి మీద సీసా దొర్లిస్తూ, ఇసక బస్తాని తన్నుతూ, "నొప్పంటే ఎముక గట్టిపడుతున్నట్టే అక్కా" అనేవాడివి. మీ కిక్‌బాక్సింగ్ కోచ్‌దీ అదే పాట. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదనేసరికి ఇంకా రెచ్చిపోయావు. ఎక్కడరా నొప్పి అని నేనడిగితే "ఏం లేదక్కా" అని కాలు ముడుచుకునేవాడివి. డాక్టరమ్మ అడగ్గానే మాత్రం బుద్ధిగా ఒక్క వేలు పెట్టి చూపించావు. కండ నొప్పయితే అరచెయ్యంతా పెట్టి చూపిస్తారట. ఒక్క వేలితో చూపించావు కాబట్టే ఎముక మీద అనుమానం వచ్చి స్కాన్ తీయించిందట.

సీసా పారేశాను, వెతక్కు.

అక్క

ఇంకోటి. వెళ్తూ వెళ్తూ సంతోషం పట్టలేక నీ బస్తాని ఒక్క తన్ను తన్నాను. కుంటుకుంటూ పనికి పోతున్నా. కంగారు పడకు, అరచెయ్యంతా పెట్టి చూపించే నొప్పే.