ఎదురుగా రెండు హోటళ్లు

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, నీ మరదలూ రెండు ముద్దలు తింటోంది.

ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే రోడ్డవతల రెండు పెద్ద హోటళ్లు కనిపిస్తాయి. ఆవిడ మంచం మీంచి రోజంతా వాటినే చూస్తుంది. నిన్న, "ఏవండీ, ఏది బాగుందో చూసి రండి. డాక్టరుగారు పంపించెయ్యగానే రెండు రోజులు దర్జాగా అందులో ఉండి ఇంటికి పోదాం" అంది. కాదనలేక ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాను. మొదటిదాంట్లో నేల అద్దంలా మెరుస్తుంటే చెప్పులు ఎక్కడ విప్పాలో తెలీక వెనక్కొచ్చేశాను. రెండోదాంట్లో తివాచీలోకి పాదం కూరుకుపోతుంది. అక్కడి అమ్మాయి, "ఎప్పుడు దిగుతారండీ? గది అట్టే పెడతాను" అంది. ఇక ఇంటికి తీసుకెళ్లే ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పింది ఆ పొద్దునే.

రెండోదే బాగుందని ఆవిడకి చెప్పాను. "అయితే అక్కడికి ఈ నలిగిన చీరతో ఎలా వస్తాను?" అంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

వంటింటి కుళాయి బాగుచేయించావా? నీ దగ్గరున్న మా చంటిదాని జుట్టు కత్తిరించకు, వాళ్లమ్మ ఊరుకోదు. అమ్మకి చదివి వినిపించేటప్పుడు డాక్టరు మాట దాటెయ్యి. ఇది కార్డే కదా, పోస్టుమాన్ చదివితే చదవనీ. బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ తమ్ముడు

చోటు లేక అంచున రాస్తున్నాను: మా బీరువా పై అరలో ఆవిడ నీలం పట్టుచీర ఉంది. బావ చేత రేపే పంపించు. ఆలస్యమైనా సరే పంపు, ఆవిడకి అదే కడతాం.