సంతకం అయ్యేదాకా

న్యూఢిల్లీ, 1986

నాన్నగారూ,

మా ఆఫీసు లలిత ఇవాళ ఇంతియాజ్‌ని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. ఆమె వాళ్ళెవరూ రాలేదు. సాక్షిగా నేను వెళ్ళాను.

పదేళ్ళ కిందట అదే రిజిస్ట్రారు గదిలో, మన పక్కింటి సుజాత మతాంతర వివాహానికి మీరు సాక్షి. గుమాస్తా ఇచ్చిన టీ మీరు ముట్టకపోతే, మీ మడి అక్కడికీ వచ్చిందని సిగ్గుపడ్డాను. సంతకం పెట్టాక ఆ చల్లారిన టీనే గటగటా తాగేసి, "కన్యాదానం చేసేవాడు పెళ్ళయ్యేదాకా పస్తుండాలిరా" అన్నారు. మూడు పూటలా సంధ్య వార్చే మనిషి, చట్టం చేసే పెళ్ళికీ అదే నిష్ఠ!

ఇవాళ గుమాస్తా "చాయ్ పీజియే, సాబ్" అన్నాడు.

"పెహలే దస్తఖత్, భయ్యా" అన్నాను, సంతకం పెట్టాల్సిన కాగితం దగ్గరికి లాక్కుంటూ.

పొద్దుటి నుంచీ నేనూ పస్తే, నాన్నగారూ.