మూడు దేశాల నీళ్ళు, మామయ్య బోరు

బిర్ జల్లూల్,
ఖర్జూరం కోతలు మొదలైన వారం

ప్రియమైన లస్సాద్‌కు,

ఉత్తరం చూసి కంగారుపడకు. మీ అమ్మ మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరూ బాగున్నారు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అంటావా? మీ ఊళ్ళో సిగ్నల్ అందేది మీ మేడ మీద పడమటి మూల ఒక్కచోటే. మేం దిగిన రోజు నుంచీ ఆ మూలన మామయ్య చాప పరుచుకుని కూర్చున్నారు. నేను చెప్పాల్సింది ఆయన గురించే. అందుకే కాగితం మీద పెట్టి, స్ఫాక్స్ వచ్చే అద్దెకారు డ్రైవరు చేతికిస్తున్నాను.

మా పని నీకు తెలిసిందే. మన కాళ్ళ కింద ఉన్న నీళ్ళు మన ఒక్కళ్ళవే కావు. అల్జీరియా, ట్యునీసియా, లిబియా, మూడింటి కిందా అదే నీరు. పైన ముగ్గురం మూడు జెండాలు పాతుకుని, నువ్వెక్కువ తాగావంటే నువ్వెక్కువ తాగావని ముప్ఫై ఏళ్ళుగా పోట్లాడుకుంటున్నాం. ఇన్నాళ్ళకు మూడు దేశాల వాళ్ళూ కలిసి కొలుద్దామని కూర్చున్నారు. మన ట్యునీసియా తరఫున నేను. అల్జీరియా నుంచి సూఫ్ వాడు దహ్మాన్. లిబియా నుంచి గదామిస్ వాడు మిలాద్. మూడు దేశాలకూ తలా పరికరాలు ఇచ్చిన ఫిన్లండ్ సంస్థ నుంచి హిల్కా అనే పెద్దావిడ. బస ఎక్కడా అని మేం ఆలోచించేలోపే మామయ్య అడ్డం పడ్డారు.

"నా కోడలు పెద్ద ఇంజనీరు. ఆమె స్నేహితులు వేరే ఇంట్లో పడుకుంటే ఊళ్ళో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. నాకెంత గర్వమేసిందో! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా చదువు గురించి నలుగురిలో మాట్లాడడం అదే మొదలు.

ఇక మావాళ్ళ సంగతి. దహ్మాన్, మిలాద్ ఒకే విషయం మీద రెండుసార్లు పోట్లాడరు. ప్రతిసారీ కొత్త విషయం దొరుకుతుంది. టీలో పుదీనా ముందా, చక్కెర ముందా అన్న దానికి ఒక సాయంత్రమంతా పోయింది.

"చెల్లెమ్మా, ఇతను కాచింది టీ కాదు, దగ్గుమందు," అంటాడు దహ్మాన్.

"దగ్గు తగ్గుతుంది కదా, తాగు. నీకు నోరు కూడా తగ్గుతుందేమో," అంటాడు మిలాద్.

హిల్కా మాత్రం ఏది పోసినా తాగి, "చాలా బాగుంది" అంటుంది. ఆమెకు వచ్చిన అరబ్బీ ముక్క అదొక్కటే. ఆ ఒక్క ముక్కతో అత్తయ్య మనసు దోచేసింది.

అసలు విషయానికొస్తాను. సాయంత్రం అస్ర్ నమాజు కాగానే మీ పెరట్లో గుంయ్‌మని ఒక రొద మొదలవుతుంది. చీకటి పడ్డాకా ఆగదు. మొదటి రోజు హిల్కా చెవి రిక్కించి నన్ను చూసింది. నేను మామయ్యను చూశాను.

"అదా? మీ అత్తయ్య గురకమ్మా," అన్నారాయన తొణక్కుండా. "వయసు మీద పడిందిగా."

అత్తయ్య టీ పళ్ళెం పట్టుకుని ఆయన వెనకే నిలబడి ఉంది. "నేనిక్కడే ఉన్నాను కదయ్యా!" అంది.

"ఇప్పుడు లేచావు," అన్నారు మామయ్య.

మర్నాడు రొద మొదలవగానే పెరట్లోకి వెళ్ళాను. గోడవారన కొత్తగా కట్టిన కోళ్ళగూడు, మన పడకగదంత పెద్దది, ఇనప తలుపు, తాళం. సందులోంచి చూస్తే లోపల కోడి లేదు, కోడి ఈక లేదు. గూటి అరుగుకు చెవి ఆనించాను. నేల వణుకుతోంది. ఇన్నేళ్ళు ఇదే పని చేస్తున్నదాన్ని లస్సాద్, కింద మోటారు ఎంత లోతున ఉందో చెవితోనే చెప్పగలను. అనుమతి లేని బోరు. ఈ ప్రాంతంలో కొత్త బోర్లు వేయకూడదన్న నివేదిక కింద ఉన్న మొదటి సంతకం నాదే.

ఎవరికీ చెప్పలేదు. నీకు తెలుసా ఇది? తెలియదని రాయి. వెంటనే రాయి.

నీ
నజీహా


బిర్ జల్లూల్,
వారం తర్వాత

లస్సాద్‌కు,

ఈసారి 'ప్రియమైన' లేదు. కాగితం తిరగేసి వెతక్కు.

నీకు తెలుసన్నమాట. "నాన్న పెద్దవాడు, చూసీచూడనట్టు పో, ఒక్క బోరుతో సముద్రం ఇంకిపోతుందా" అని రాశావు. లెక్కల మాస్టరువి కదా, ఈ ఊళ్ళో ప్రతివాడూ 'ఒక్క బోరే' అనుకుంటే మొత్తం ఎన్నవుతాయో నీకు నేను చెప్పాలా? గూడు కట్టడానికి ఇటుకలు పంపింది కూడా నువ్వేనట. అత్తయ్య మురిసిపోతూ చెప్పింది. నేను నీ పక్కన పడుకుని నీళ్ళు ఎలా అడుగంటుతున్నాయో చెబుతుంటే ఊఁ కొట్టినవాడివి, నీకు ఏ మాత్రం నవ్వు రాలేదా? నాకు కోపం కంటే అదే ఎక్కువ నొచ్చింది.

సరే, ఇక్కడ జరిగిన భాగోతం విను. ఊరి చివర ప్రభుత్వం వాళ్ళ పరిశీలన బావిలో దహ్మాన్ తెచ్చిన పరికరం దించాం. రోజూ సాయంత్రం నీటిమట్టం దిగుతోంది, తెల్లారేసరికి కాస్త లేస్తోంది.

"మీ దేశపు పరికరం పాడైపోయిందోయ్," అన్నాడు మిలాద్.

"పరికరం బాగానే ఉంది, దించిన చెయ్యే పాడు," అన్నాడు దహ్మాన్.

మిలాద్ పంతానికి తన పరికరం దించాడు. అదీ అదే చూపించింది. జీవితంలో మొదటిసారి ఇద్దరూ ఏకమై నా వైపు తిరిగారు: "మీ ట్యునీసియా బావి గొట్టమే ఓటిది!" నేనేం మాట్లాడను? గొట్టం గట్టిది, మామగారే ఓటి అననా? ఇలా ఒకరి కొలత ఒకరు నమ్మకపోతే ఉమ్మడి పని ఇక్కడితో ఆపేయక తప్పదని హిల్కా చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు దేశాల మధ్య ఎన్నో ఏళ్ళకు కుదిరిన పొత్తు మీ నాన్న కోళ్ళగూటి దగ్గర చెడబోతోంది.

ఆయనేమో జాగ్రత్త పెంచారు. సంతకెళ్ళి పెట్టెడు కోళ్ళు తెచ్చి గూట్లో వదిలారు. మోటారు అదురుకు అవి తిండి మానేసి, గోడకు అంటుకుని నిలబడ్డాయి. హిల్కా దయగల మనిషి. వాటిని చూస్తానని బయల్దేరింది.

"వద్దమ్మా! అవి పరదా కోళ్ళు, పరాయివాళ్ళ కంటపడవు," అని మామయ్య తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

నేను అనువదించాను. ఏం చేయను? హిల్కా గౌరవంగా తల వంచి వెనక్కి తిరిగింది. దహ్మాన్ మాత్రం, "చెల్లెమ్మా, నేను పల్లెటూరివాణ్ణే. పరదా కోళ్ళ గురించి ఎప్పుడూ వినలేదు," అన్నాడు. నేను వినిపించుకోనట్టు ఇసుక దులుపుకున్నాను.

నిన్న తోటలో ఆయన ఒంటరిగా దొరికారు. "మామయ్యా, నాకు తెలుసు," అన్నాను.

ఖర్జూరపు గెల కోస్తున్న చెయ్యి ఆగింది. "మీ ఆయన చెప్పాడా?"

"నేల చెప్పింది."

ఆయన గట్టు మీద చతికిలబడ్డారు. "ఇదిగో, ఇప్పుడు మనం కూర్చున్నచోటే ఊట ఉండేది అమ్మాయ్," అన్నారు. "ఎవడూ తోడక్కర్లేదు, దానంతట అదే పొంగేది. నేనూ పక్కతోట ఖలీఫాగాడూ ఇందులోనే ఈత నేర్చుకున్నాం. ఇప్పుడు చూడు, చెప్పు తడవదు. నాకు తెలియదనుకున్నావా నీళ్ళు పోతున్నాయని? నీ యంత్రాల కంటే ముందు తెలుసు. కానీ నేను ఆపితే ఖలీఫా ఆపుతాడా? నా చెట్లు ఎండిపోతుంటే వాడి చెట్లు చూస్తూ నేను బతకాలా? నువ్వు చెప్పు."

అందరూ ఆపాలి అని మాత్రం అన్నాను. "అందరూ అనేవాడి ఇల్లు ఎక్కడుందో చెప్పమ్మా, వెళ్ళి అడుగుతాను," అన్నారాయన.

నేను నిర్ణయించుకున్నాను. రేపు ఖర్జూరాల గోదాములో మూడు దేశాల రైతుల సభ. నేను లేచి చెప్పేస్తాను. చెప్పాక మీ ఇంట్లో నాకు ముద్ద దిగదు, వాళ్ళు పెట్టకపోవచ్చు కూడా. నువ్వు నా పక్కన ఉంటావో, మీ నాన్న పక్కన ఉంటావో ఆలోచించుకో. మీ నాన్నను నేను ఎంత ప్రేమిస్తానో నీకు తెలుసు కాబట్టే ఇది రాస్తూ ఏడుస్తున్నాను.

నజీహా


బిర్ జల్లూల్,
సభ మర్నాడు

లస్సాద్,

కూర్చుని చదువు. వీలైతే కాసిని నీళ్ళు పక్కన పెట్టుకో. పొదుపుగా తాగు.

గోదాము కిటకిటలాడింది. సూఫ్ నుంచి దహ్మాన్ బంధుజనం, గదామిస్ నుంచి మిలాద్ తెచ్చిన పెద్దలు, మన ఊరివాళ్ళు, నీటి శాఖ అధికారి. గోడకు పెద్ద పటం. అనుమతి ఉన్న బోర్లకు హిల్కా చుక్కలు పెట్టింది. మన ఊళ్ళో అన్నిటికంటే పెద్ద చుక్క ఖలీఫాది. "ఈ ఊళ్ళోకెల్లా బలమైన బోరు" అని ఆమె చెప్పగా నేను అనువదించాను. ఖలీఫా టోపీ సర్దుకుని, నలుగురి వైపూ చూశాడు.

తర్వాత నా వంతు. లేచాను. "ఈ పటంలో లేని బోరు ఒకటుంది," అన్నాను. తలలన్నీ నా వైపు తిరిగాయి. "అది ఎవరిదంటే..." అంతే, పేరు బయటికి రాలేదు. మూడో వరసలో మామయ్య నన్నే చూస్తున్నారు.

ఒక్కసారిగా ఆయన లేచారు. "ఆగాగు! ఏమన్నారిందాక? ఈ ఊళ్ళో పెద్ద బోరు ఖలీఫాదా? వాడి మోటారు దగ్గుతుందయ్యా, నీళ్ళు తోడదు! బోరంటే ఎలా ఉంటుందో చూడాలంటే మా కోళ్ళగూటి కిందకి రండి!"

ఖలీఫా ముఖం కందగడ్డయింది. "నీకు ఒక్కటేరా బెల్గాసెమ్! నాకు ఇది కాక పశువుల కొట్టంలో ఇంకోటుంది! నీ గూటికి రెట్టింపు!"

ఇక చూసుకో. "మాది వంటింట్లో!" అని ఒకరు. "మాది మా అత్తగారి మంచం కింద!" అని ఇంకొకరు. సూఫ్ వాళ్ళు ఊరుకుంటారా? దహ్మాన్ మేనమామే లేచి, "మీవీ ఒక బోర్లేనా! మా వాడకు రండి, ఇళ్ళకంటే బోర్లే ఎక్కువ!" అన్నాడు. దహ్మాన్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. మిలాద్ పగలబడి నవ్వుతున్నంతలో గదామిస్ పెద్దాయన కర్ర నేలకు పొడిచి లేచాడు: "లిబియాను తక్కువ చేసి మాట్లాడకండి!" ఇప్పుడు దహ్మాన్ నవ్వాడు. హిల్కాకు ఏమీ అర్థం కాలేదు. "చాలా బాగుంది, చాలా బాగుంది" అంటూ చూపించినచోటల్లా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. కలంలో సిరా అయిపోతే అధికారి తన కలం ఇచ్చాడు.

మెల్లగా అరుపులు తగ్గాయి. అందరి చూపూ పటం మీద పడింది. ఎడారి కనపడడం లేదు. పటమంతా నల్లగా, ఈగలు ముసిరినట్టుంది.

"ఇన్ని నోళ్ళు ఒకే కుండకా?" అన్నాడు చివరికి ఆ గదామిస్ పెద్దాయన. "మనం మూడు దేశాల వాళ్ళం తన్నుకునేది అడుగంటిన కుండ కోసమా?"

ఆ తర్వాత జరిగింది పోట్లాట కాదు, బేరం. తమంతట తాము చెప్పుకున్నవాళ్ళ మీద కేసు ఉండదని, గడువిస్తామని అధికారి ఒప్పుకున్నాడు. ప్రతి బోరుకూ మీటరు. మన మీటర్లు సూఫ్ వాళ్ళు చూస్తారు, సూఫ్ వాళ్ళవి గదామిస్ వాళ్ళు, గదామిస్ వాళ్ళవి మనవాళ్ళు. సొంతవాళ్ళ మీద ఎవరికీ నమ్మకం లేదట! ఏటేటా కొంత తోట తగ్గించాలి, ముందు కొత్తగా వేసిన మొక్కలు. దీని మీద ముగ్గురం సంతకాలు పెట్టాం. దహ్మాన్, మిలాద్ కౌగిలించుకున్నారు. విడిపోగానే ఎవరి సంతకం పైన ఉండాలన్న దాని మీద పోట్లాడుకున్నారు.

మీ నాన్న నోటిదురుసే నన్ను కాపాడింది లస్సాద్. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పాపం, గొప్పలకు పోయి తనే బయటపడ్డారు. ఊరంతా అదే చెప్పుకుని నవ్వుతోంది. ఆయన నాతో మాట్లాడడం లేదు గానీ, పొద్దున పళ్ళెంలో మెత్తటి మాంసం ముక్క నా వైపుకే జరిపారు.

ఇటుకల సంగతి నేను మరిచిపోలేదు. వచ్చాక చూసుకుందాం.

నీ
నజీహా


బిర్ జల్లూల్

ఒరేయ్ లస్సాద్,

దీవెనలు. మీ అమ్మ బాగుంది. ఆమె గురక పెట్టదని ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చెప్పుకుంటోంది.

నీ పెళ్ళాం అన్నీ రాసే ఉంటుంది. నేను ఖలీఫా మీద పంతంతో నోరు జారానని రాసిందా? అలాగే అనుకోనీ. నీకు మాత్రం నిజం చెబుతాను, కడుపులో పెట్టుకో. ఆ పిల్ల లేచి నిలబడి నా పేరు చెప్పలేక సతమతమవుతుంటే నేను చూడలేకపోయాను. చెప్పేస్తే జన్మంతా మామను పట్టిచ్చిన కోడలవుతుంది. చెప్పకపోతే జన్మంతా తనకు తనే దొంగవుతుంది. తప్పు నాది, శిక్ష దానికెందుకు? ఊరికే లేచి 'నాదేనయ్యా' అంటే నేనొక్కణ్ణే మునుగుతాను, పక్కవాళ్ళు చెట్ల నీడన కూర్చుని జాలిపడతారు. అందుకే ఖలీఫాను గిల్లాను. వాణ్ణి గిల్లితే ఎలా అరుస్తాడో ఊటలో ఈదిన నాటి నుంచీ నాకు తెలుసు. మిగతావాళ్ళు వాడి కంటే తీసిపోయినవాళ్ళేం కాదు.

నా కోడలు 'అందరూ' అంది కదా. ఆ అందరినీ దాని ముందు నిలబెట్టాను. ఈ మాట దానికి చెప్పావో, నీ ఇటుకల గురించి దానికి ఇంకా తెలియనివి ఏమేం ఉన్నాయో అన్నీ నేనే చెప్పేస్తాను.

అసలు పని ఇది. దిగువ తోటలో నాటిన కొత్త మొక్కలు తీసేయాలి. పార పట్టుకుని రెండుసార్లు వెళ్ళాను. నా చేత్తో పెట్టినవి, పీకబుద్ధి కాలేదు, తిరిగొచ్చాను. నువ్వు వస్తే నేను పక్కన నిలబడతాను.

ఖలీఫా తనవి శుక్రవారం నమాజయ్యాక పీకుతాడట, ఊళ్ళో చాటించుకుంటున్నాడు. నువ్వు గురువారమే రా.

మీ నాన్న
హాజ్ బెల్గాసెమ్