ఎనిమిదిలో రెండు

మార్చి 3, సోమవారం

లాప్‌టాప్‌కి ఏదో అయింది. మొన్నటిదాకా పూటలో అయిపోయే టెస్ట్ రెండర్ ఇవాళ సాయంత్రానికి పావు వంతు కూడా కాలేదు. కొత్త లైబ్రరీ భవనం లోపల కెమెరా తిరిగే వీడియో అది, బొమ్మ బొమ్మా లాప్‌టాపే గీయాలి. ఇంకా కట్టని భవనంలో జనాన్ని తిప్పడమే నా ఉద్యోగం. వచ్చే సోమవారం ఆర్కిటెక్ట్ దాన్ని కమిటీకి చూపించాలి. ఈసారి ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ఫోన్లో మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పేవాళ్లంటేనే నాకు భయం.

మార్చి 4

టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్‌కి ఎనిమిది కోర్లు. సిస్టమ్‌కి కనిపిస్తున్నవి రెండే. ఆరుగురు పనివాళ్లు ఇంట్లో ఉండగానే లెక్కలో లేకుండా పోయారు. రీస్టార్ట్ చేశాను. అప్‌డేట్ చేశాను. తిట్టాను. దున్నపోతు మీద వానే.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, ఫ్యాన్ అసలు మోగడం లేదు. మధ్యాహ్నం అత్తయ్య హాల్లో నా బల్ల పక్క మంచం మీద పడుకుని సాయంత్రం దాకా కదల్లేదు. మామయ్య పోయాక ఆవిడ ఇంతసేపు నిద్రపోగా చూడటం ఇదే.

మార్చి 5

రిపేర్ షాపతను మూత తీయకుండానే మదర్‌బోర్డ్ పోయిందన్నాడు. కొత్తది కొనుక్కోవడమే మంచిదట. చంకలో పెట్టుకుని తిరిగొచ్చేశాను.

మా ఆయనకి చెబితే నీళ్లు నమిలాడు. నిదానంగా చేసుకోవచ్చుగా, అంత తొందరేముంది అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అసలు ఈ మధ్య ఈయన వరసే వేరేగా ఉంది. ఫ్రిజ్‌ని బాల్కనీలోకి జరిపాడు. కాలింగ్ బెల్ వైరు పీకేశాడు. మిక్సీ తీసుకెళ్లి బాత్రూమ్ పక్కన పెట్టాడు. చెప్పి చేయడు, చేశాకా చెప్పడు.

మార్చి 6

సిస్టమ్ మొదలవకముందే తెరుచుకునే బయోస్‌లో చూశాను. ఎనిమిదీ ఉన్నాయి. అంటే మిషన్‌కి జబ్బు లేదు. సిస్టమ్‌కే ఎవరో రెండు చాలని చెప్పారు.

మార్చి 7

దొరికింది. బూట్ సెట్టింగ్స్‌లో, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల. ప్రాసెసర్లు ఎన్ని వాడాలి అన్నచోట టిక్ పెట్టి ఉంది. కింద రెండు. నేను పెట్టలేదు. అత్తయ్య మౌస్ ముట్టుకోరు. ఇక మిగిలింది ఒక్కడే.

అడిగాను. ఒప్పుకున్నాడు. నువ్వు రెండర్ పెట్టిన రోజల్లా అమ్మ నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తోంది అన్నాడు. ఆ ఫ్యాన్ మోత ఐసీయూలో నాన్న పక్కనున్న మిషన్‌లా ఉంది, నాకే అలా అనిపిస్తే అమ్మకి అనిపించదా అన్నాడు. ఏదో ఫోరమ్‌లో చదివి ఆదివారం పెట్టేశాడట. పెట్టాక అమ్మ లేవడం మానేసిందట కూడా. నాకెందుకు చెప్పలేదంటే, నాన్న మాట ఎత్తాల్సొస్తుందని.

కడిగేద్దామనే అనుకున్నాను. ఫ్రిజ్, బెల్, మిక్సీ అన్నీ అప్పుడు అర్థమయ్యాయి. ఆయన మీద జాలేసింది. నా సోమవారం మీదా జాలేసింది.

మార్చి 8, శనివారం

వేరే దారి లేదు. అత్తయ్య దగ్గర కూర్చుని, రేపటిదాకా ఈ మోత తప్పదు, మంచం లోపలి గదిలో వేయనా అని అడిగాను. ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పేశాను.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను లేచేది మోతకి కాదమ్మాయ్ అన్నారు. అది మోగుతున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంటుంది, మీ మామయ్య ఉన్నట్టే. ఆగుతుంది చూడు, అప్పుడు మెలకువొచ్చేస్తుంది. ఆ రోజు ఆస్పత్రిలో కుర్చీలో కాస్త కునుకు పట్టింది నాకు, మిషన్ ఆగాకే లేచాను అన్నారు.

వాడికి చెప్పకు, పాపం అంత బరువైన ఫ్రిజ్ ఒక్కడే జరిపాడు అని కూడా అన్నారు.

టిక్ తీసేశాను. రీస్టార్ట్ చేశాను. ఎనిమిది. రెండర్ పెట్టగానే ఫ్యాన్ అందుకుంది. అత్తయ్య మంచం ఎక్కడిదక్కడే ఉంది.

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం

తొంభై ఎనిమిది శాతం అయ్యాక అత్తయ్యని మెల్లగా లేపాను. వచ్చి పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. వంద. ఫ్యాన్ తగ్గుతూ, తగ్గుతూ ఆగింది.

ఇద్దరం మెలకువగానే ఉన్నాం.