నవీపేట్ లాల్చీ

పెర్కిట్, ఆర్మూర్,
ఏప్రిల్ 13, 2025.

నవీపేట్‌లో ఉన్న మా హన్మాండ్లు బావకు, కమలవ్వ అక్కకు,

ముత్తెన్న రెండు చేతులు జోడించి రాస్తున్న జాబు. ఇక్కడ మేమందరం బాగున్నాము. మీరూ బాగున్నారని తలుస్తాను. కంటి ఆపరేషన్ తరువాత నీకు కొత్త అద్దాలు వచ్చాయని అక్క చెప్పింది. అందుకని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

ఫోన్ చేయక ఈ జాబేమిటని నవ్వుతావు. బావా, ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడతావు. నేను ఊ కొట్టి పెట్టేస్తాను. ఈసారి చెప్పేది నా దగ్గర ఉంది.

మన నందిని గెలిచింది.

లాల్చీ ఎప్పుడు పంపుతావని అడుగుతూనే ఉన్నావు. ఇంట్లోనే ఉంది. దాని సంగతి తరువాత రాస్తాను.

నా మనవరాలు నిజామాబాద్‌లో సినిమాల చదువు చదువుతోందని నీకు తెలుసు. వాళ్ల సారు క్లాసులో అందరికీ ఒక పని పెట్టాడు. థ్రిల్లర్ సినిమా అంతా తీయవద్దు, మొదటి రెండు నిమిషాలే తీయండి అన్నాడు. అది చూసినవాడు తరువాత ఏమైందని అడగకుండా ఉండలేకపోవాలట. ఏది బాగుంటే దానికి కాలేజీవాళ్లే కెమెరాలిచ్చి సినిమా మొత్తం తీయిస్తారట. ఆ మాట విని మా భూపతి, కన్నతండ్రి కదా, బిడ్డకు ఒక షరతు పెట్టాడు. గిది గెలిస్తే నీ ఇష్టం, గెలువకపోతే గా కెమెరాలు బంద్, సప్పుడు చేయకుండ బీఈడీల చేరాలె అన్నాడు. నందిని సరే అంది. అనేటప్పుడు దాని గొంతు చిన్నదైంది. నాకు వినిపించింది.

ఇక భయం కోసం ఊరంతా తిరిగింది. దీప అని తోటి పిల్ల, కెమెరా దానిదే, వెంట ఉండేది. ఏం చూస్తే మీకు భయమైతదని ఇద్దరూ మార్కెట్ యార్డులో కనిపించినవాళ్లనల్లా అడిగారు. హమాలీలు రేటు పడిపోతే భయమన్నారు. పసుపు పాలిష్ మిషన్ అజ్మత్, మార్చిల మబ్బు వట్టి ఉరిమితే పానం పోతది బిడ్డా, కళ్లంల పసుపు ఆరవోసి ఉంటది గద అన్నాడు. ఇంట్లో దాని నాయనమ్మ నీలవ్వను అడిగితే, మీ తాత గిట్ట దినమంత మాట్లాడితే నాకు భయమైతదే అంది. అన్నీ రాసుకుంది.

తరువాత చార్టు మీద గళ్లు గీసి, ఏ బొమ్మ తరువాత ఏ బొమ్మో వేసి మా నడిమింటి గోడకు అంటించింది. మొదటి గడిలో అజ్మత్ షెడ్డు తలుపు. లోపలికి పసుపు అడుగులు పోతాయి. బయటికి రావు. నాకు బాగానే అనిపించింది. ముందుగా ఫోన్‌లో తీసి చూపించారు. నీలవ్వ చూసి ముఖమంతా నవ్వు చేసుకుని, ఎవరింట్ల పెండ్లే అని అడిగింది. అజ్మత్ చూసి దావత్ ఎప్పుడు అన్నాడు. గడపకు పసుపు, కాళ్లకు పసుపు చూస్తే మనవాళ్లకు భయమెట్లా వేస్తుంది చెప్పు. ఆ పూట నందిని అన్నం తినలేదు. గోడ మీది చార్టు పీకుతూ కూర్చుంది.

అప్పుడు నువ్వు వచ్చావు బావా. కన్ను చూపించుకోవడానికి ఆర్మూర్ వచ్చి, నన్ను చాయ్‌కి పిలవడానికి అజ్మత్ షెడ్డుకు వచ్చావు చూడు, ఆ రోజు. డ్రమ్ము తిరుగుతోంది. కొమ్ములు పాలిషవుతుంటే లేచే దుమ్ముకు అందరం కనురెప్పల దాకా పసుపుగా ఉన్నాము. నువ్వు తెల్ల లాల్చీలో తలుపు దగ్గర నిలబడ్డావు. పనివాళ్లు మాట ఆపేశారు. ఒకడు బీడీ దాచాడు. నువ్వు మాత్రం డాక్టర్ ఫీజు గురించి చెబుతూనే ఉన్నావు. నీకేమీ తెలియలేదు. నందిని చూసింది.

ఇంటికి రాగానే కొత్త చార్టు అంటించింది. అంతా పసుపు. నడుమ ఒక్క మనిషి, మరక లేకుండా. గీ షెడ్డుల కూసున్నోనికి పసుపు అంటలేదంటే వాడు మనిషేనా తాత అని నన్ను అడిగింది. నేను లేచి వాకిలి తలుపు వేసి వచ్చాను.

ఆ వేషం మొదట నీకే అనుకుంది. అద్దం ముందు నిలబడి నువ్వు మాటలు చెప్పుకున్నావని అక్క చెప్పింది. ఆపరేషనయ్యాక దుమ్ములోకి పోవద్దని డాక్టర్ అనకపోతే నువ్వే కూర్చునేవాడివి. నువ్వు పెద్దమనసుతో లాల్చీ కండక్టర్ చేతికిచ్చి పంపావు. మా ఇంట్లో తెల్ల బట్ట ఎక్కడిది. ఓటు వేయడానికి తొడుక్కునే అంగీ కూడా పసుపు పట్టే ఉంటుంది. మీది వరి ఊరు, మీ తెలుపు తెలుపుగానే ఉంటుంది.

లాల్చీ వచ్చింది, మనిషి లేడు. నందిని నా వైపు చూసింది. నేను తలుపు వైపు చూశాను. గాయన నోట్లకెళ్లి మాటెక్కడొస్తదే అంది నీలవ్వ. ఒక్క మాటే నాయనమ్మా అంది నందిని. గీ పసుపంత నాదే అనాలి. లేవాలి. వెనక్కి తిరిగి నడిచిపోవాలి. అంతే.

పొద్దున్నే తీశారు. సంచుల ముందు ముక్కాలిపీట వేసి నన్ను కూర్చోబెట్టారు. కళ్లద్దాలు తీయించారు. అజ్మత్ డ్రమ్ము తిప్పి ఆపాడు. నాకూ కెమెరాకూ నడుమ దుమ్ము మెల్లగా దిగింది. దీప వేలు చూపింది. నేను మాట అనలేదు. నందిని చేత్తో లెమ్మని సైగ చేసింది. లేవలేదు. కెమెరా వైపే చూస్తూ కూర్చున్నాను. అజ్మత్ గొంతు తగ్గించి, యా అల్లా, గీయన రోజూ నా దగ్గర చాయ్ తాగే ముత్తెన్ననేనా అన్నాడు. నందిని కెమెరా ఆపనియ్యలేదు.

మొన్న శుక్రవారం కాలేజీ హాలులో అందరివీ చూపించారు. తల్లిదండ్రులనూ పిలిచారు. భూపతి నా పక్కన కూర్చున్నాడు. అందులో నేనున్నానని వాడికి ఎవరూ చెప్పలేదు. మనది వచ్చింది. తెర మీద ఏమీ లేదు, చీకటి. దూరంగా ఒక ఉరుము. బావా, హాలులో సగంమంది తలెత్తి పైకప్పు చూశారు. అందరూ కళ్లంలో పసుపు ఆరబోసినవాళ్ల పిల్లలే. అజ్మత్ చెప్పిన భయం అది. తరువాత డ్రమ్ము. డ్రమ్ము ఆగింది. దుమ్ములో నుంచి నీ లాల్చీ తెల్లగా తేలింది. లాల్చీలో నేను.

ఎవరూ దగ్గలేదు. భూపతి నా చెవి దగ్గరికి వంగి, గా ముసలాయన ఎవడు బాపు, వాని చూపు మంచిగ లేదు అన్నాడు. నేను తెర వైపే చూశాను. లైట్లు వేశాక వాడు నన్ను చూశాడు. ఖాళీ తెరను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. నువ్వా బాపు అన్నాడు.

నందినివాళ్లదే మొదటిదని సారు చెప్పాడు. అందరిలో ఒక మాట అడిగాడు. ఆ పెద్దమనిషి కదలకపోవడమే భయం, అది ఎట్లా ఆలోచించారు అని. మా తాత నటన సార్ అంది నందిని. చప్పట్లు కొట్టారు. నన్ను స్టేజీ ఎక్కించారు. నేను నా కాళ్లు చూసుకుంటూ నిలబడ్డాను. అయినా దిగాలని అనిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భూపతి ముందు సీటు మీదికి వంగి బిడ్డను అడుగుతూనే ఉన్నాడు. తర్వాత ఏమైతదే, గాయన ఎవరే, గంతసేపు ఎందుకు చూసిండే అని. నాకే తెల్వదు బాపు, సినిమా తీస్తే తెలుస్తది అంది. పెర్కిట్‌లో దిగేటప్పుడు, గట్లయితే తియ్యి, జల్ది తియ్యి అన్నాడు. బీఈడీ మాట మళ్లీ మా ఇంట్లో వినలేదు.

అక్కకు నా దండాలు. కంట్లో చుక్కల మందు మరవకు.

ఈ ఒక్కసారి ఎక్కువ మాట్లాడిన నీ బామ్మర్ది,
ముత్తెన్న.

మరొక సంగతి: మరిచిపోయి కాదు, ధైర్యం చాలక చివరికి ఉంచాను. బావా, అది నటన కాదు. దీప కెమెరా సర్దుకుంటుంటే నడుము నొప్పి పుట్టి వెనక సంచులకు ఆనుకున్నాను. అనుమానమొచ్చి వీపు తడుముకుంటే చెయ్యి పచ్చగా వచ్చింది. అప్పటికే దీప వేలు చూపింది. లేచి తిరిగితే నీ లాల్చీ వీపు అందరికీ కనబడుతుంది. పిల్ల చదువు పోతుంది. నీకు నా ముఖం ఎట్లా చూపాలి. నోరు తెరిస్తే ఈ మాటే వస్తుందని నోరూ తెరవలేదు. ఆ చూపు అదే.

ఇన్నాళ్లు దాచి, చేసేది లేక నిన్న నీలవ్వకు చెప్పాను. సబ్బు పెట్టింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, కడిగి ఎండలో వేస్తే పోతుంది, మనకు తెలిసిందే. వీపంతా ఎర్రగా అయిన సమయానికి నందిని దొడ్లోకి వచ్చింది. నెత్తురనుకుని కేక వేసింది. ఉన్నదంతా చెప్పాల్సి వచ్చింది. చెబితే నవ్వి నవ్వి కింద కూర్చుంది. తరువాత, కడుగకు నాయనమ్మా, రెండో సీన్ దొరికింది అంది.

రెండో సీన్‌లో ఆ మనిషి లేచి తిరుగుతాడు. చాలాసేపు మాట్లాడతాడు. దానికి నేను పనికిరాను. నవీపేట్ తాతనే రమ్మను అంటోంది. డాక్టర్ సరే అన్నాక రా. లాల్చీ ఇక్కడే ఉంది.