హరువో భాయ్, దుకాణం ముయ్యకు!

మియాపూర్

మామయ్యకు కీర్తిప్రియ దండాలు.

ఫోన్‌ల నీకు సగమే వినపడతది, అందుకే రాస్తున్న. మా ఆఫీసుల జపాన్ బొమ్మల సినిమాకు తెలుగు మాటలు రాస్తున్న. అదొక చిన్న ఊరు. పడుచోళ్లంతా పట్నం పోయిన్రు, బడి మూతబడ్డది, బజార్ల అన్నీ దించిన షట్టర్లే. హరువో అనే ముసలాయన ఒక్కడే రోజూ గొడుగుల రిపేరు దుకాణం తెరుస్తడు, అచ్చం నీ లెక్కనే. ఆయన ఎట్ల మాట్లాడాలె? ఆ సినిమాలది ఒక ఫొటో పెట్టిన.

నీ మేనకోడలు

తా.క.: నెలాఖరుకు నీ గడియారాల రిపేరు దుకాణం బంద్ అట? అమ్మ చెప్పింది. ఏంది మామా ఇది?

శాలిబండ

బిడ్డ కీర్తికి కృష్ణయ్య మామ దీవెనలు.

ఫొటో చూసిన. మూతబడ్డ దుకాణాల మీద ఎండ గంత ముద్దుగ పడతదా? మన దగ్గరైతే తెల్లారేసరికి పాన్ ఉమ్మి, ముంగట బండి పెడతరు. హరువో మొహం చూస్తే పాపం, పొద్దుగాల్ల సంది బోణీ కానట్టుంది. పక్క దుకాణపోనికి బోణీ కాకుంటే మనమే చేస్తం గదా! ఒక విరిగిన గొడుగు పంపిన, ఆయనకు చేర్చు. నా సంగతంటవా, గిరాకీ లేదు, మోకాళ్లు లేస్తలేవు. ఇడిసిపెట్టు.

మీ మామ

తా.క.: పని బాగలేకుంటే మొహమాటపడకుండ చెప్త అను.

మియాపూర్

మామా, దండాలు.

హరువో మనిషి కాదు, గీసిన బొమ్మ! నీ గొడుగు మా మేనేజర్ బల్ల మీద ఉన్నది. ఆఖర్ల హరువో గూడ దుకాణం మూసేస్తడు, కథే గట్లున్నది.

నీ కీర్తి

తా.క.: ఆ సీన్ రాస్తుంటే నువ్వే యాదికొచ్చినవ్. మస్తు ఏడ్చిన.

శాలిబండ

బిడ్డా, దీవెనలు.

బొమ్మైతే ఏంది, గీసినోడు మనిషే గదా! ముసలోడు ఇంట్ల కూసొని గోడలు చూడాల్నా? హరువో సంగతి చెప్తే గల్లీల ఒకటే లొల్లి. చాయ్ హోటల్ అన్వర్ భాయ్ ఏడ్చిండు. నేనే అర్జీ రాసిన: “హరువో భాయ్ దుకాణం ముయ్యొద్దు. ఆయన షట్టర్ లేపితెనే మాకు తెల్లారినట్టు. మోకాళ్లు నొస్తే మధ్యాహ్నం తెరవాలె, షట్టర్ మేం లేపుతం.” నలభై సంతకాలైనయ్. అర్జీ ఈ ఉత్తరంల పెట్టిన, జపాన్ పంపు.

కోపంల ఉన్న మీ మామ

తా.క.: పక్కింటి జహీరా ఆపా హరువోకు మోకాళ్ల నూనె గూడ ఇచ్చింది.

మియాపూర్

మా మంచి మామయ్యకు దండాలు.

కథ మార్చరట. నిన్న నువ్వు దవాఖానకు పోయినప్పుడు నేను శాలిబండ వచ్చిన. అర్జీల “హరువో” కొట్టేసి “కృష్ణయ్య” అని రాసి, అందరికీ చదివి వినిపించిన. ఒక్కరు గూడ సంతకం వాపస్ తీసుకోలే. అన్వర్ భాయ్ మళ్ల ఏడ్చిండు. అర్జీ ఈ ఉత్తరంలనే పెట్టిన, నిమ్మళంగ చదువుకో.

నీ కీర్తి

తా.క.: మొదటి సంతకం నీదే మామా.